రాయడం నేర్పే టీచర్లకు ఒక ఏడాది చదువు: చెన్నైలో చేసిన పీజీ డిప్లొమాపై నా అంచనా

ఉత్తర చెన్నైలోని ఒక ఎయిడెడ్ పాఠశాలలో పద్దెనిమిదేళ్లుగా ఆరు నుంచి పదో తరగతి వరకు ఇంగ్లీషూ తెలుగూ చెబుతున్నాను. మా బడి పిల్లల్లో ఎక్కువ మంది, రెండు మూడు తరాల కిందట నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి పెరంబూరు, అయనావరం ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల వాళ్లు. ఇన్నేళ్లలో వాళ్ల చేత లెక్కలేనన్ని వ్యాసాలు రాయించాను, దిద్దాను, మార్కులు వేశాను. రాయించడం వేరు, రాయడం నేర్పడం వేరు అన్న సంగతి మాత్రం నాకు స్పష్టంగా తెలిసింది కిందటేడు పూర్తి చేసిన ఈ కోర్సులోనే. బోర్డు మీద అంశం రాసి, ఉపోద్ఘాతమూ ముగింపూ మరిచిపోవద్దని చెప్పి, పీరియడ్ అయ్యాక నోటుపుస్తకాలు పోగుచేసుకుని ఇంటికి తీసుకెళ్లి ఎర్ర సిరాతో దిద్దడమే రచనా బోధన అని నేను అంతకాలం నమ్మాను. బీ.ఎడ్.లో మాకు చెప్పింది కూడా దస్తూరి, ఉక్తలేఖనం, పాఠ్యప్రణాళిక వరకే. ఆలోచన కాగితం మీదికి ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఆగినప్పుడు టీచరు ఏం చేయాలి అన్న ప్రశ్నలు ఆ సిలబస్‌లో ఎక్కడా లేవు.

నేను చదివింది చెన్నైలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ఉద్యోగంలో ఉన్న టీచర్ల కోసం నడిపే పీజీ డిప్లొమా. విషయం రచనా బోధన. శనివారం పూర్తిగా, ఆదివారం మధ్యాహ్నం దాకా తరగతులు. రెండు సెమిస్టర్లు, ఆరు పేపర్లు, చివర ఒక తరగతి గది ప్రాజెక్టు. నేను కట్టిన ఫీజు, పరీక్ష రుసుముతో కలిపి, 68 వేల రూపాయలు. ప్రభుత్వ వేతనం లేని టీచర్లకు ఇది చిన్న మొత్తం కాదు. మా బ్యాచ్‌లో ఇద్దరు రెండో సెమిస్టర్ ఫీజు కట్టలేక మధ్యలోనే ఆగిపోయారు. పెరంబూరులో లోకల్ ఎక్కి, సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటి, పార్క్ టౌన్‌లో వేళచ్చేరి రైలు పట్టుకుని, అక్కడి నుంచి బస్సులో వెళ్లేసరికి ఒక వైపు ప్రయాణానికే గంటన్నర పట్టేది. ఈ కోర్సు గురించి వివరంగా రాయడానికి కారణం, నాలాంటి వాళ్లు ముగ్గురు ఈ మధ్య ఫోన్ చేసి ‘చేరమంటారా, వద్దంటారా’ అని అడగడమే. చేరమనే నా సలహా, అయితే ఒక పెద్ద లోటు ఉందని ముందే తెలుసుకుని చేరాలి.

మొదటి శనివారం ఉపన్యాసం వినడానికి పెన్నూ పుస్తకమూ సర్దుకుని కూర్చున్నాము. మేడమ్ వచ్చి తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, మీ ఇంట్లో ఒకప్పుడు వాడి ఇప్పుడు వాడని వస్తువు గురించి ఇరవై నిమిషాలు రాయమన్నారు. ఏ భాషలోనైనా రాయవచ్చన్నారు. పద్దెనిమిదేళ్లు వ్యాసాలు రాయించిన నాకు మొదటి ఏడెనిమిది నిమిషాలు ఒక్క వాక్యం కూడా కదలలేదు. ఆ కాసేపట్లో నా తరగతిలో కిటికీ పక్క బెంచీలో కూర్చుని పెన్ను మూత కొరుక్కునే పిల్లలు ఒక్కొక్కరే గుర్తుకు వచ్చారు. చివరికి మా నాయనమ్మ నెల్లూరు నుంచి తెచ్చుకున్న ఇత్తడి గుండిగ గురించి తెలుగులో రాశాను. అది ఎంత పెద్దది, ఎన్ని శేర్ల బియ్యం పట్టేది, పండుగలకు ఎలా దింపేవాళ్లు, అన్నీ చేర్చాను. తర్వాత పక్కవారితో కాగితాలు మార్చుకోమన్నారు. నా పక్కన గుమ్మిడిపూండి నుంచి వచ్చే ఒక తెలుగు మాస్టారు కూర్చున్నారు. ఆయన రెండుసార్లు చదివి, మెల్లగా ఇలా అన్నారు: ‘‘గుండిగ మొత్తం కనబడుతోందండీ, కానీ మీ నాయనమ్మగారే కనబడలేదు. ఆవిడ దాన్ని ఎలా పట్టుకునేవారు?’’

ఆ ప్రశ్న విన్నాకే నాకు గుర్తొచ్చింది, ఆ గుండిగకు కుడి వైపు అంచు మాత్రమే అరిగి పల్చబడి ఉండేదని. నాయనమ్మకు ఎడమ చేతి కీళ్ల నొప్పి. దింపేటప్పుడు బరువంతా కుడి చేతి మీదే మోపేది. రెండో చిత్తు ప్రతిలో ఆ ఒక్క విషయం మీదే రాశాను, శేర్ల లెక్క తీసేశాను. ఆ మాస్టారు నా కాగితం మీద ఒక్క తప్పు కూడా దిద్దలేదు, ‘బాగుంది’ అనీ అనలేదు, చదివేవాడిగా తనకు ఏది అందలేదో చెప్పారు. నేను అన్నేళ్లు పిల్లల నోటుపుస్తకాల్లో ‘ఇంకా వివరంగా రాయి’ అని రాస్తూ వచ్చాను. ఆ మాటతో ఏ పిల్లవాడూ ఏమీ చేయలేడని ఆ శనివారం నాకు తెలిసింది.

టీచర్లను ముందు రాయించాలన్న ఈ పద్ధతికి అరవై ఏళ్లు నిండని చరిత్ర ఉంది, కోర్సు దాన్ని బాగా చెప్పింది. 1971లో జానెట్ ఎమిగ్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఎనిమిది మంది పన్నెండో తరగతి విద్యార్థులను తీసుకుని, మనసులో జరిగేదంతా పైకి చెబుతూ రాయమని, వాళ్లు ఎక్కడ ఆగుతున్నారో ఎక్కడ వెనక్కి వస్తున్నారో గమనించారు. బడిలో నేర్పే వరుసలో, అంటే ప్రణాళిక, రాత, దిద్దుబాటు అన్న తిన్నని దారిలో, ఎవరూ రాయరని అప్పుడు బయటపడింది. ఆ మరుసటి ఏడాదే డొనాల్డ్ మర్రే, పూర్తయిన కాగితాన్ని కాదు, రాసే పనిని నేర్పాలని గట్టిగా వాదించారు. ఆయన మాటకు బరువు రావడానికి కారణం, న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పకముందు ఆయన పత్రికా రచయిత కావడం, సంపాదకీయాలకు 1954లో పులిట్జర్ బహుమతి పొంది ఉండడం. 1974లో జేమ్స్ గ్రే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో మొదలుపెట్టిన రచనా ప్రాజెక్టు, తర్వాత దేశమంతా వ్యాపించి, వేసవి సెలవుల్లో టీచర్లను పోగుచేసి వాళ్ల చేతే రాయించి, ఒకరి తరగతి అనుభవాన్ని మరొకరికి చెప్పించింది. మా శనివారపు తెల్ల కాగితం ఆ వరుసలోదే. ఈ పేర్లన్నీ మాకు పరీక్ష కోసం కాక మేమే రాసిన తర్వాత పరిచయం కావడం వల్ల, అవి నాకు ఇప్పటికీ మనుషులుగానే గుర్తున్నాయి.

రెండో నెలలో జరిగిన మూల్యాంకనం తరగతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకే పిల్లవాడి వ్యాసాన్ని మా ఇరవై ఇద్దరికీ జిరాక్స్ తీసి ఇచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా పదికి మార్కులు వేయమన్నారు. బోర్డు మీద రాసి చూస్తే మూడు నుంచి ఎనిమిది దాకా అన్ని మార్కులూ ఉన్నాయి. నేను నాలుగు వేశాను, ఎందుకంటే అక్షర దోషాలు ఎక్కువగా కనిపించాయి. ఎనిమిది వేసిన ఒక టీచరు, ఆ పిల్లవాడు చెప్పిన సంగతి కొత్తగా ఉందన్నారు. ఇద్దరమూ చిత్తశుద్ధితోనే వేశాము. అప్పుడు మేడమ్ 1961 నాటి ఒక అమెరికన్ అధ్యయనం గురించి చెప్పారు: కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థుల 300 వ్యాసాలను, టీచర్లు, రచయితలు, న్యాయవాదులు, వ్యాపార నిర్వాహకులు కలిసిన 53 మంది తొమ్మిది స్థాయిల్లో విడదీస్తే, 101 వ్యాసాలకు ఒకటి నుంచి తొమ్మిది దాకా ప్రతి స్థాయీ పడిందట, ఐదు కంటే తక్కువ వేర్వేరు స్థాయిలు పడిన వ్యాసం ఒక్కటి కూడా లేదట. పాల్ డీడెరిక్, ఆయన సహచరులు చేసిన ఆ పనిలో అసలు విలువైనది తర్వాతి మెట్టు: ఒక్కో మూల్యాంకకుడు దేన్ని చూసి మార్కు వేస్తున్నాడో విడదీసి, ఆలోచన, వ్యవస్థ, భాషా దోషాలు వంటి అంశాలుగా పేరుపెట్టడం. మేము కూడా అదే చేసి, మా ఇరవై ఇద్దరికీ సమ్మతమైన ఒక కొలమానం రాసుకుని, రెండో వ్యాసాన్ని దిద్దితే మార్కులు ఐదు నుంచి ఏడు మధ్యకు వచ్చాయి. మా బడిలో ఇప్పుడు తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లనూ దిద్దే నేనూ, నా సహోద్యోగీ పరీక్షకు ముందు ఐదు కాగితాలు కలిసి దిద్దుకుంటున్నాము. ఒక్క గంట పని అది. ఒక పిల్లవాడి మార్కు అతను ఏ సెక్షన్‌లో ఉన్నాడన్నదాన్ని బట్టి మారడం చాలావరకు తగ్గింది.

తప్పుల గురించి చెప్పిన పేపరు కూడా ఆ స్థాయిలోనే ఉంది. 1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం హైస్కూలు పూర్తి చేసిన ప్రతి ఒక్కరికీ ప్రవేశం ఇచ్చినప్పుడు, అంతవరకు రాత అలవాటు లేని వేల మంది ఒక్కసారిగా తరగతుల్లోకి వచ్చారు. అక్కడ పనిచేసిన మీనా షాఘ్నెసీ ఆ విద్యార్థులు రాసిన సుమారు 4,000 వ్యాసాలు చదివి, వాటిలోని తప్పులు అజాగ్రత్త వల్ల పుట్టినవి కావని, ప్రతి తప్పు వెనకా ఆ విద్యార్థి తనకు తాను అల్లుకున్న ఒక నియమం ఉంటుందని 1977లో చూపించారు. ఈ మాట విన్న రోజే నేను ఇంటికి వచ్చి మా ఏడో తరగతి కాంపొజిషన్ నోటుపుస్తకాలు మళ్లీ తెరిచాను. ఒక పాప ‘మేము పండుగకు కుడికి పోయాము’ అని రాసింది. ‘గుడి’ని ‘కుడి’ అని రాసినందుకు నేను రెండు సార్లు కొట్టేసి, పదిసార్లు ఒప్పు రాయమని చెప్పి ఉన్నాను. అదే పుస్తకంలో ‘భోజనం’ ‘పోజనం’గా, ‘ధైర్యం’ ‘తైర్యం’గా ఉన్నాయి. ఆ పాప మొదట నేర్చుకున్నది తమిళ లిపి. తమిళంలో ‘క, గ’ ధ్వనులకు ఒకే అక్షరం, ‘ప, బ’లకు ఒకే అక్షరం, ‘ఖ, ఘ’ వంటి ఒత్తు అక్షరాలు అసలే లేవు. ఆ పాప చెవికి తేడా తెలుసు, నోటితో సరిగ్గానే పలుకుతుంది, అయితే ఒక ధ్వని కుటుంబానికి ఒక అక్షరం చాలు అన్న నియమాన్ని తమిళం నుంచి తెలుగులోకి మోసుకొచ్చింది. ఇలా తెలిశాక పదిసార్లు రాయించడం మానేసి, తమిళ అక్షరం ఒక పక్క, దానికి తెలుగులో వచ్చే నాలుగు అక్షరాలు మరొక పక్క పెట్టి, ఒక పట్టిక తయారు చేయించాను. మూడు వారాల్లో ఆ రకం తప్పులు సగానికి పైగా పోయాయి.

ఇంతవరకు నేను మెచ్చుకున్నదంతా నిజమే. ఇక లోటు సంగతి. ఈ మొత్తం చదువులో తెలుగుకు గానీ, తమిళానికి గానీ ఒక్క పేజీ కూడా లేదు. చదవాల్సిన వ్యాసాలన్నీ ఇంగ్లీషులో రాయడం గురించి, అది కూడా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లల గురించి. పైన చెప్పిన ‘కుడి, గుడి’ సంగతి నేను కోర్సులో నేర్చుకున్నది కాదు, కోర్సు ఇచ్చిన చూపుతో నా అంతట నేను వెతుక్కున్నది. తరగతిలో ఇరవై ఇద్దరిలో పద్నాలుగు మందిమి ఏదో ఒక భారతీయ భాష చెప్పేవాళ్లము. మా ప్రశ్నలకు మేడమ్ ఎంతో ఓపికగా వినేవారు, మీ భాషకు మీరే అన్వయించుకోండి అనేవారు. ఆ అన్వయమే అసలు కష్టమైన పని, దానికే టీచరుకు సాయం కావాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. విడివిడి చిన్న వాక్యాలను కలిపి ఒక నిండు వాక్యం చేయించే అభ్యాసానికి ఇంగ్లీషులో మంచి పరిశోధన ఉంది. నాలుగు నుంచి పన్నెండో తరగతి దాకా జరిగిన అధ్యయనాలన్నింటినీ కూడదీసి స్టీవ్ గ్రాహమ్, డోలరస్ పెరిన్ అనే పరిశోధకులు 2007లో వేసిన లెక్కలో దీని ప్రభావ పరిమాణం, అంటే ఈ పద్ధతిలో నేర్చుకున్న పిల్లల రాత మిగతావాళ్ల కంటే ఎంత మెరుగైందో చూపే కొలత, 0.50; సున్నా అయితే తేడా లేదని అర్థం. ప్రణాళిక వేసుకోవడం, సవరించుకోవడం వంటి వ్యూహాలను నేరుగా నేర్పితే వచ్చేది 0.82. వ్యాకరణాన్ని రాత నుంచి విడదీసి నిర్వచనాలుగా నేర్పితే వచ్చింది మైనస్ 0.32, అంటే పోల్చిన తరగతుల కంటే వెనకబడ్డారు. కోర్సులో మేము ఈ అభ్యాసాన్ని ఇంగ్లీషు వాక్యాలతో చేశాము. తెలుగుకు వచ్చేసరికి ఆ నమూనా పనికిరాదు. ఇంగ్లీషులో ‘which, who’ లాంటి మాటలతో చేర్చే వివరం నామవాచకం తర్వాత వస్తుంది. తెలుగులో ముందే వచ్చి చేరుతుంది. ‘మా ఊళ్లో చెరువు ఉంది. చెరువు పెద్దది. అందులో నీళ్లు లేవు. మేము అందులో క్రికెట్ ఆడతాము’ అని రాసే పిల్లవాడు, ‘మా ఊళ్లో నీళ్లు లేని పెద్ద చెరువులో మేము క్రికెట్ ఆడతాము’ అనగలగాలంటే ‘లేని’ అన్న మాట ఏం చేస్తుందో చేతితో తెలియాలి. ‘వెళ్లి, చూసి, తిని’ అన్న క్త్వార్థకాలూ, ‘వెళ్తూ, చూస్తూ’ అన్న శత్రర్థకాలూ, ‘వస్తే, చూస్తే’ అన్న చేదర్థకాలూ తెలుగు వాక్యాన్ని కలిపే కీళ్లు. మనం వీటిని పాఠ్యపుస్తకంలో ‘గీత గీసిన పదం ఏ అసమాపక క్రియ, గుర్తించండి’ అని ఒక మార్కు బిట్టుగా చేసి వదిలేశాము. పిల్లలు గుర్తిస్తారు, వ్యాసంలో మాత్రం వాడరు. నేను నా ప్రాజెక్టుకు ఈ అంశమే తీసుకున్నాను: ఎనిమిదో తరగతి పిల్లల సొంత వ్యాసాల్లోంచే చిన్న వాక్యాలు ఏరి, వాటిని ఈ కీళ్లతో కలిపించడం, కలిపిన వాక్యాన్ని మళ్లీ వాళ్ల వ్యాసంలోనే పెట్టించడం. పన్నెండు వారాలు నడిపాను. దీనికి ఆధారంగా చూపడానికి తెలుగులో ఒక్క అధ్యయనమైనా ఇవ్వమని గైడును అడిగితే, ఆయన నిజాయితీగా, తనకు తెలుగు రాదని చెప్పారు.

ఇదంతా జరిగింది చెన్నైలో కావడం నాకు మరింత బాధ కలిగించింది. పిల్లలు బడిలో ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న చర్చ దేశంలో ఇంత తీవ్రంగా జరిగిన నగరం మరొకటి లేదేమో. గిడుగు రామమూర్తి పంతులు పిల్లలకు అర్థం కాని గ్రాంథికంలో రాయమనడం అన్యాయమని పోరాడింది అప్పటి మద్రాసు రాజధాని బడుల కోసమే. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు కాంపొజిషన్ ఉపసంఘం నివేదికకు గురజాడ అప్పారావు రాసిన అసమ్మతి పత్రం, రాత నేర్పడం గురించి మన భాషలో జరిగిన తొలి గంభీరమైన ఆలోచనల్లో ఒకటి అని నా అభిప్రాయం. మాట్లాడే భాషకూ రాసే భాషకూ మధ్య ఎంత దూరం ఉంటే పిల్లవాడి ఆలోచన దారిలో రాలిపోకుండా కాగితం చేరుతుంది అన్నదే ఆ వాదాల్లో కీలకం, షాఘ్నెసీ న్యూయార్క్‌లో ఎదుర్కొన్న ప్రశ్న కూడా చాలావరకు అదే. మెరీనా ఒడ్డున ఆ విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్ భవనం ఇప్పటికీ ఉంది. అదే ఊళ్లో రచనా బోధన మీద ఏడాది పాటు చదివి, న్యూ హాంప్‌షైర్ గురించి తెలుసుకుని, గురజాడ పేరు ఒక్కసారైనా వినకుండా పట్టా తీసుకునే పరిస్థితి ఉండకూడదు. నాకు ఈ కోర్సు మీద ఉన్న ప్రధానమైన ఫిర్యాదు ఇదే. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయినప్పటి నుంచి మా పిల్లలు మూడు లిపుల్లో మూడు రకాల వాక్యాలు రాస్తున్నారు. వాళ్లకు చెప్పే టీచరుకు ఒక్క భాష ఆధారంగా శిక్షణ ఇస్తే సరిపోదు.

నిర్వహణ గురించి ఎక్కువ రాయను. గ్రంథాలయం పని రోజుల్లో సాయంత్రం ఐదింటికి, శనివారం మధ్యాహ్నం ఒంటి గంటకు మూసేసేవారు, అంటే మేము తరగతిలో ఉన్న సమయంలోనే అది తెరిచి ఉండేది. సర్టిఫికెట్ చేతికి రావడానికి ఐదు నెలలు పట్టింది. రెండో సెమిస్టర్‌లో మా చిత్తు ప్రతుల మీద అభిప్రాయాలు ఆరు వారాలు ఆలస్యంగా వచ్చాయి, అప్పటికి మేము తుది ప్రతి ఇచ్చేశాము. చిత్తు ప్రతికి సకాలంలో స్పందన ఇవ్వడమే ప్రాణమని మొదటి సెమిస్టర్ అంతా చెప్పిన చోట ఇలా జరగడం బాధాకరం. అంతకంటే పెద్ద విషయం పరీక్ష. తుది మార్కుల్లో అరవై శాతం మూడు గంటల రాత పరీక్షకే ఇచ్చారు. ‘రచనా ప్రక్రియలోని దశలను వివరించండి’ అన్న పదిహేను మార్కుల ప్రశ్నకు నేను ఒకే ప్రతిలో, సవరించుకునే వీలు లేకుండా, గడియారం చూసుకుంటూ జవాబు రాశాను. నేర్పిన దానికీ పరీక్షించిన దానికీ ఇంత దూరం ఉన్న కోర్సులో, తరగతులకు బాగా వచ్చి రాతలో ఎదిగిన ఒక సహాధ్యాయి రెండో శ్రేణిలో మిగిలిపోవడం చూశాను. మూల్యాంకనాన్ని ఏడాది పొడవునా రాసిన ప్రతుల సంచయానికి మార్చమని మేము అభిప్రాయ పత్రంలో సంతకాలు పెట్టి ఇచ్చాము. తర్వాతి బ్యాచ్‌కు పరీక్ష వాటాను నలభై శాతానికి తగ్గించారని తెలిసి సంతోషించాను.

పట్టా పక్కన పెడితే, నా తరగతిలో ఏం మారిందో చెప్పకపోతే ఈ అంచనా సగమే అవుతుంది. మా ఎనిమిదో తరగతిలో నలభై ఒక్క మంది. పీరియడ్ నలభై నిమిషాలు. ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడే పద్ధతి అమెరికాలో పాతిక మంది తరగతికి రాసినది; ఇక్కడ కుదరదని మొదట నేనూ అనుకున్నాను. ఇప్పుడు వారానికి రెండు పీరియడ్‌లు రాతకే ఉంచి, ఒక్కో పీరియడ్‌లో ఆరుగురి దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తున్నాను. మిగిలిన వాళ్లు జతలుగా ఒకరిది ఒకరు చదివి, ‘నాకు కనబడింది ఏమిటి, కనబడనిది ఏమిటి’ అన్న రెండే ప్రశ్నలకు కాగితం చివర జవాబు రాస్తారు. ఇలా మూడున్నర వారాలకు ఒకసారి ప్రతి పిల్లవాడి దగ్గరికీ నా వంతు వస్తుంది.

ఒక అబ్బాయి ‘మా తాతయ్య ఊరు’ అన్న అంశం మీద మొదటి ప్రతిలో నాలుగు వాక్యాలు రాశాడు. ఊరు నాయుడుపేట దగ్గర, అక్కడ చెరువు ఉంది, చెరువు చాలా బాగుంది, మేము సెలవులకు వెళ్తాము. పాత పద్ధతిలో అయితే నాలుగు మార్కులు వేసి పక్కన పెట్టేదాన్ని. నేను అతని పక్కన కూర్చుని ‘‘చెరువు దగ్గర తాతయ్య ఏం చేస్తారురా?’’ అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘‘చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తాడు టీచర్, గట్టు మీద జారతాయని’’ అన్నాడు. ‘‘అది రాశావా?’’ అంటే, ‘‘అది కూడా రాయచ్చా?’’ అని అడిగాడు. రెండో ప్రతి ఆ చెప్పులతోనే మొదలైంది. మూడో ప్రతిలో, ‘గట్టు జారుతుందని చెప్పులు చేతిలో పట్టుకుని నడిచే తాతయ్య వెనక, చెప్పులు వేసుకునే నడిచి నేను రెండుసార్లు పడ్డాను’ అని రాశాడు. ‘పట్టుకుని’, ‘నడిచే’, ‘వేసుకునే’ అన్న కీళ్లు మూడూ తనంతట తానే వాడాడు. గ్రాహమ్, పెరిన్ లెక్కల్లో నాకు అన్నిటికంటే నచ్చిన సంఖ్య ఇక్కడే గుర్తుకు వస్తుంది: చిత్తు ప్రతులతో, స్పందనలతో నడిచే ప్రక్రియా పద్ధతికి, టీచర్లకు ప్రత్యేక శిక్షణ ఇచ్చిన చోట ప్రభావం 0.46 ఉంటే, శిక్షణ లేని చోట 0.03, అంటే దాదాపు శూన్యం. పద్ధతి పేరు సర్క్యులర్‌లో రాసి బడులకు పంపితే ఎందుకు పనిచేయదో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

ఎవరు చేరాలి అన్న ప్రశ్నకు నా జవాబు: చేతిలో తరగతి ఉన్నవాళ్లు. ప్రతి వారం నేర్చుకున్నది సోమవారం ప్రయోగించి చూసే వీలు లేకపోతే ఇందులో సగం వృథా. ప్రమోషన్ కోసమో ఇంక్రిమెంట్ కోసమో అయితే, 2014 నిబంధనల తర్వాత రెండేళ్లకు పెరిగిన ఎం.ఎడ్.కు ఉన్న గుర్తింపు ఈ డిప్లొమాకు మా యాజమాన్యం ఇవ్వలేదు. విద్యారంగాన్ని మొత్తంగా లోతుగా చదవాలనుకుంటే బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయపు రెండేళ్ల ఎం.ఏ. ఉంది, కానీ దానికి ఉద్యోగం వదిలి వెళ్లాలి. ఇంగ్లీషు మాత్రమే చెప్పేవాళ్లకు హైదరాబాదులో 1958లో మొదలైన కేంద్రీయ ఇంగ్లీషు సంస్థ, ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), దూరవిద్యలో కూడా బోధనా కోర్సులు నడుపుతోంది. రాత ఒక్కదాని మీదే ఏడాది కూర్చోబెట్టే చదువు మాత్రం నాకు దగ్గర్లో ఇది ఒక్కటే దొరికింది.

చేరే ముందు ఫీజు కట్టకుండా ఒక శనివారం తరగతిలో కూర్చోనివ్వమని అడగండి. నన్ను అలాగే కూర్చోనిచ్చారు. గత బ్యాచ్‌ల ప్రాజెక్టు నివేదికలు విభాగం గదిలో బీరువాలో ఉంటాయి, వాటిలో కనీసం రెండు చదవండి. భారతీయ భాషల మీద ప్రాజెక్టు చేయాలనుకునేవాళ్లు, ఆ భాష తెలిసిన సహ గైడును బయటి నుంచి పెట్టుకునే అనుమతి మొదటి సెమిస్టర్‌లోనే లిఖితపూర్వకంగా తీసుకోండి. నేను ఆ దరఖాస్తు రెండో సెమిస్టర్‌లో పెట్టాను, అనుమతి వచ్చేసరికి నా పన్నెండు వారాల పని పూర్తయింది.